యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాక మందు ఒంట్లో ఎన్నాళ్లుంటుంది? త్వరగా పోయేది నయమా, నిలిచి ఉండేది నయమా?

చివరి మాత్ర వేసుకుని ఖాళీ స్ట్రిప్ పక్కన పెట్టాక చాలామందికి వచ్చే అనుమానం ఇది: ఈ మందు ఇంకా ఎన్నాళ్లు ఒంట్లో ఉంటుంది? అడిగే ప్రశ్న ఒకటే అయినా అడిగేవాళ్ల అవసరాలు వేరు. ఒకరికి మద్యం ఎప్పుడు ముట్టుకోవచ్చో తెలియాలి. ఇంకొకరికి పరీక్ష ఎప్పుడు చేయించుకుంటే సరైన రిజల్ట్ వస్తుందో తెలియాలి. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి భయం వేరు, ఒంటి మీద దద్దుర్లు లేచినవాళ్ల టెన్షన్ వేరు. అందుకే ఎవరైనా "రెండు రోజుల్లో పోతుంది లెండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నమ్మకండి. అమోక్సిసిలిన్ విషయంలో రెండు రోజులు చాలా ఎక్కువ. అజిత్రోమైసిన్ విషయంలో చాలా తక్కువ.

డాక్టర్ "ఈ రెంటిలో ఏదైనా వాడొచ్చు" అన్నప్పుడు మనం చూసేది రోజుకు ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులు అనే. అజిత్రోమైసిన్‌లా మూడు రోజుల్లో ముగిసే కోర్సంటే అందరికీ ఇష్టమే. కానీ మూడు రోజుల కోర్సంటే మందు మూడు రోజులే ఉంటుందని కాదు. అది రెండు వారాలు ఒంట్లో ఉండిపోతుంది కాబట్టే మూడు రోజులు మింగితే సరిపోతోంది. ఈ తేడా తెలిస్తే ఎంపిక గురించి డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలే మారిపోతాయి.

లెక్క ఎలా వేస్తారు

రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్‌లైఫ్ అంటారు. ఒక హాఫ్‌లైఫ్ గడిస్తే సగం మిగులుతుంది, రెండు గడిస్తే పావు, మూడు గడిస్తే పావులో సగం. ఐదు గడిచేసరికి 97 శాతం పోయి 3 శాతం మిగులుతుంది. "మందు పోయింది" అని డాక్టర్లు అనేది మామూలుగా ఈ ఐదు హాఫ్‌లైఫ్‌ల తర్వాతే.

రెండు మందులు తీసుకుని చూద్దాం. రాత్రి 9 గంటలకు అమోక్సిసిలిన్ 500 మిల్లీగ్రాముల చివరి మాత్ర వేసుకున్నారనుకోండి. 10, 11 గంటల మధ్య రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరుతుంది. దాని హాఫ్‌లైఫ్ గంట, గంటన్నర. అర్ధరాత్రి దాటేసరికే సగానికి పైగా పోతుంది. చాలావరకు మారకుండానే మూత్రంలో వెళ్లిపోతుంది. తెల్లారి మీరు లేచేసరికి రక్తంలో చెప్పుకోదగ్గ మందు ఉండదు.

అదే రాత్రి 9 గంటలకు అజిత్రోమైసిన్ చివరి మాత్ర వేసుకుంటే కథ వేరు. దాని హాఫ్‌లైఫ్ 68 గంటలు, అంటే దగ్గర దగ్గర మూడు రోజులు. బుధవారం రాత్రి వేసుకుంటే శనివారం సాయంత్రానికి కూడా సగం ఇంకా ఉంటుంది. ఐదు హాఫ్‌లైఫ్‌లంటే 340 గంటలు, రెండు వారాలు. పైగా ఇది రక్తంలో కంటే కణజాలంలో, తెల్ల రక్తకణాల్లో ఎక్కువగా చేరి అక్కడి నుంచి మెల్లమెల్లగా బయటికొస్తుంది. రక్తంలో కొంచెమే కనిపించినా ఊపిరితిత్తుల్లో, టాన్సిల్స్‌లో చాలా ఎక్కువగా ఉంటుంది.

మామూలుగా వాడే మందులకు ఈ లెక్క ఇలా ఉంటుంది. ఇవన్నీ కిడ్నీలు, లివర్ బాగా పనిచేస్తున్న పెద్దవాళ్లకు వర్తించే అంకెలు.

| మందు | హాఫ్‌లైఫ్ | రక్తంలోంచి దాదాపుగా పోయేసరికి |
|---|---|---|
| సెఫాలెక్సిన్ | సుమారు 1 గంట | 5–6 గంటలు |
| అమోక్సిసిలిన్ | 1–1.5 గంటలు | 6–8 గంటలు |
| సెఫిక్సిమ్ | 3–4 గంటలు | 15–20 గంటలు |
| సిప్రోఫ్లాక్సాసిన్ | సుమారు 4 గంటలు | ఒక రోజు |
| లీవోఫ్లాక్సాసిన్ | 6–8 గంటలు | ఒకటిన్నర రోజు |
| మెట్రోనిడజోల్ | సుమారు 8 గంటలు | రెండు రోజుల లోపు |
| కో-ట్రైమోక్సజోల్ | సుమారు 10 గంటలు | రెండు రోజులు |
| టినిడజోల్ | 12–14 గంటలు | మూడు రోజులు |
| డాక్సీసైక్లిన్ | 18–22 గంటలు | నాలుగైదు రోజులు |
| అజిత్రోమైసిన్ | 68 గంటలు | రెండు వారాలు |

త్వరగా పోయే మందు: మంచీ చెడూ

అమోక్సిసిలిన్ సహా పెన్సిలిన్ కుటుంబం మాత్రలన్నీ ఈ కోవలోవే. వీటిని కిడ్నీలు ఎంత వేగంగా బయటికి తోసేస్తాయంటే, 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి రోగికి పెన్సిలిన్ ఇచ్చినప్పుడు మందు చాలక, అతని మూత్రంలోంచే దాన్ని తిరిగి వేరుచేసి మళ్లీ ఎక్కించారు. తర్వాత ప్రొబెనిసిడ్ అనే ఇంకో మందు కనిపెట్టిందే కిడ్నీలు పెన్సిలిన్‌ను అంత తొందరగా వదిలేయకుండా ఆపడానికి. ఇప్పుడు మందుకు కొదవ లేదు కాబట్టి ఆ తిప్పలు పోయాయి, రోజుకు రెండు మూడు డోసులు వేసుకోవాల్సిన తిప్పలు మాత్రం మిగిలాయి.

ఇలాంటి మందుతో ఇబ్బంది ఒక్కటే: డోసు తప్పితే వెంటనే నష్టం. ఈ కుటుంబం మందులు క్రిమిని చంపాలంటే రక్తంలో కావలసినంత మందు ఎక్కువసేపు నిలవాలి. ఒక్కసారిగా బోలెడంత పడినా లాభం లేదు. మధ్యాహ్నం డోసు మర్చిపోయి రాత్రికి రెండు కలిపి వేసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. హాఫ్‌లైఫ్ గంట ఉన్న మందును రెట్టింపు వేసుకుంటే అదనంగా దొరికేది ఒక హాఫ్‌లైఫ్, అంటే గంటో గంటన్నరో మాత్రమే. రెట్టింపు మోతాదుకు రెట్టింపు కాలం రాదు. వికారం, విరేచనాలు మాత్రం పెరుగుతాయి. మర్చిపోయిన డోసు గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. అప్పటికే తర్వాతి డోసు టైమ్ దగ్గర పడితే తప్పిపోయిన దాన్ని వదిలేయాలి.

దీని పెద్ద సుగుణం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పడకపోతే ఆపేయొచ్చు. ఆపిన కొన్ని గంటల్లోనే మందు పోతుంది. మొదటిసారి వాడుతున్న మందు, గతంలో ఏవేవో మందులు పడని చరిత్ర, పక్కన ఇంకో అరడజను మాత్రలు నడుస్తున్న వయసు — ఇలాంటి చోట్ల నా ఓటు త్వరగా పోయే మందుకే. మూడు పూటలా గుర్తు పెట్టుకోవడం కష్టమే, కానీ ఫోన్లో అలారం పెట్టుకుంటే తీరే కష్టం అది.

నిలిచి ఉండే మందు: సుఖం ఉంది, వెనక్కి తీసుకునే దారి లేదు

అజిత్రోమైసిన్ లాంటివి అతిథిలాంటివి కావు, అద్దెకు దిగినట్టే. రోజుకు ఒక మాత్ర, మూడు రోజులో ఐదు రోజులో. ఓ పూట ఆలస్యమైనా కొంపలు మునగవు, ఎందుకంటే కణజాలంలో ముందటి డోసుల నిల్వ ఉంటుంది. మందులు మానేసే అలవాటున్నవాళ్లకు, పిల్లలకు మాటిమాటికీ సిరప్ తాగించలేక అలిసిపోయిన తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట.

అయితే సైడ్ ఎఫెక్ట్ వస్తే? మాత్ర ఆపొచ్చు, మింగినది వెనక్కి రాదు. అజిత్రోమైసిన్‌కు ఎలర్జీ వచ్చినవాళ్లలో చికిత్సతో దద్దుర్లు తగ్గి, ఆ చికిత్స ఆపగానే మళ్లీ లేచిన సందర్భాలున్నాయి. మందు ఇంకా లోపలే ఉండటం దానికి కారణం కావచ్చు. గుండె లయ మీద ప్రభావం చూపే మందులు వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని అజిత్రోమైసిన్ కొంత పొడిగించగలదు. అదే పని చేసే ఇంకో మందు కోర్సు అయిన నాలుగు రోజులకు మొదలుపెడితే, మీ దృష్టిలో ఒకటి అయిపోయాక ఇంకొకటి, మీ గుండెకు మాత్రం రెండూ ఒకేసారి.

ఇంకో చిక్కు క్రిములకు సంబంధించినది. మందు మెల్లగా తగ్గుతూ పోయే చివరి రోజుల్లో క్రిమిని చంపడానికి చాలనంత, దానికి అలవాటు పడటానికి సరిపోయేంత మోతాదు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు అజిత్రోమైసిన్, దాని కుటుంబానికే చెందిన క్లారిత్రోమైసిన్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ క్రిముల్లో ఈ మందులకు లొంగనివి పెరిగి, ఆరు నెలల తర్వాత కూడా మామూలు కంటే ఎక్కువగానే కనిపించాయి. జలుబు చేసినప్పుడల్లా అజిత్రోమైసిన్ మూడు మాత్రలు మింగేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఈ మందు పనిచేయదు. అంటే లాభం సున్నా, నష్టం మాత్రం నెలల తరబడి.

ఇంకా ఎక్కువ కాలం ఉండేవీ ఉన్నాయి. బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను కండలోకి ఇస్తే అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ వారాల తరబడి రక్తంలోకి వస్తుంది. రుమాటిక్ ఫీవర్ మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి ఇచ్చేది ఇదే. గంటలో పోయే పెన్సిలిన్‌నే నెలంతా నిలబెట్టే ఉపాయం ఇది. క్షయకు వాడే బెడాక్విలిన్ వీటన్నిటినీ మించింది. ఒంట్లోంచి అది పూర్తిగా పోయే చివరి దశలో హాఫ్‌లైఫ్ దాదాపు ఐదున్నర నెలలు. అది వాడినవాళ్లు కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆపి ఎన్ని నెలలైనా ఆ పేరు చెప్పి తీరాలి.

ఒకే జబ్బు, రెండు మందులు

ఏ మందు అన్నది ముందుగా తేల్చేది క్రిమే. ఆ క్రిమి మీద పనిచేయని మందు ఒంట్లో ఎన్నాళ్లున్నా దండగ. రెండూ పనిచేస్తాయన్నప్పుడే ఈ పోలికకు విలువ.

స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు నొప్పికి అమోక్సిసిలిన్ మామూలుగా 10 రోజులు, అజిత్రోమైసిన్ 5 రోజులు. చూడగానే రెండోదే సులువనిపిస్తుంది. కానీ 10 రోజుల కోర్సు ముగిసిన మర్నాడు అమోక్సిసిలిన్ ఉండదు, 5 రోజుల కోర్సు ముగిసిన వారానికి కూడా అజిత్రోమైసిన్ ఉంటుంది. ఒంట్లో ఉన్న రోజులు లెక్కేస్తే పొట్టి కోర్సే పొడుగు. పైగా ఈ క్రిమికి పెన్సిలిన్ కుటుంబం మందులు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి, అజిత్రోమైసిన్‌కు మాత్రం కొన్నిసార్లు లొంగట్లేదు. పెన్సిలిన్ ఎలర్జీ లేకపోతే అమోక్సిసిలిన్, ఉంటే అప్పుడు రెండోదాని సంగతి. ఎలర్జీ అంటే నిజంగా ఎలర్జీ అని. చిన్నప్పుడు ఓసారి విరేచనాలయ్యాయని "నాకు పెన్సిలిన్ పడదు" అని జీవితాంతం చెప్పుకునేవాళ్లు చాలామంది. అది ఎలర్జీ కాదు. ఆ మాట వల్ల మంచి మందులన్నీ దూరమవుతాయి, కాబట్టి అసలేం జరిగిందో డాక్టర్‌కు వివరంగా చెప్పడం మంచిది.

ఆడవాళ్లలో మూత్రాశయ ఇన్ఫెక్షన్ ఇంకా ఆసక్తికరం. నైట్రోఫురాంటోయిన్ హాఫ్‌లైఫ్ గంట కూడా ఉండదు, నేరుగా మూత్రంలోకి దిగి అక్కడ గాఢంగా చేరుతుంది. మంట ఉన్నది మూత్రాశయంలోనే కాబట్టి అదే కావాలి. మిగతా ఒంటికి అంతగా తగలదు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారొచ్చు, కంగారు అక్కర్లేదు. ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి నీళ్లలో కలిపి ఒకేసారి తాగితే రెండు మూడు రోజులపాటు మూత్రంలో పనిచేసేంతగా ఉంటుంది. ఐదు రోజులు గుర్తుపెట్టుకుని వేసుకోగలిగితే మొదటిది, లేదంటే రెండోది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి కణజాలంలోకి బాగా దూరతాయి, కానీ వాటి సైడ్ ఎఫెక్ట్‌లు దృష్టిలో పెట్టుకుని మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు చివర్న పెట్టాలి. ఒక్క మినహాయింపు: చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు రక్తంలో నిలవని నైట్రోఫురాంటోయిన్ పనికిరాదు. అదే గుణం ఒకచోట వరం, ఇంకోచోట లోపం.

లైంగికంగా సోకే క్లమిడియాకు అజిత్రోమైసిన్ ఒక్క గ్రాము ఒకేసారి, లేదా డాక్సీసైక్లిన్ 7 రోజులు. ఒకప్పుడు రెండూ సమానమే అనేవాళ్లు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాల్లో డాక్సీసైక్లిన్‌ను ముందుకు తెచ్చింది. గర్భిణులకు మాత్రం అజిత్రోమైసినే. ఏది వాడినా చికిత్స ముగిసేదాకా, ఒకే డోసైతే ఏడు రోజులదాకా, లైంగిక కలయిక వద్దు.

మెట్రోనిడజోల్, టినిడజోల్‌ల మధ్య తేడా తక్కువ. రెండోది ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కొన్ని జబ్బులకు ఒకే డోసుతో సరిపోతుంది. నోట్లో ఇనుము చప్పరించినట్టుండే రుచి రెండింటికీ ఉంది.

రక్తం ఖాళీ అయినా కొన్ని పనులు ఆగవు

మందు పోవడం, మందు చేసిన పని పోవడం ఒకటి కాదు. దీనికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ క్షయకు వాడే రిఫాంపిసిన్. దాని హాఫ్‌లైఫ్ కొన్ని గంటలే, ఒక రోజులో పోతుంది. కానీ అది లివర్‌లోని ఎంజైమ్‌లను రెచ్చగొడుతుంది. ఆ ఎంజైమ్‌లు మళ్లీ మామూలు స్థాయికి దిగడానికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. అంతవరకు గర్భనిరోధక మాత్రలు, రక్తం పల్చబరిచే వార్ఫరిన్, ఇంకా చాలా మందులు అవసరమైన దానికంటే త్వరగా ఖర్చయిపోతాయి. అందుకే రిఫాంపిసిన్ ఆపాక కూడా 28 రోజులపాటు వేరే గర్భనిరోధక జాగ్రత్త తీసుకోవాలంటారు. అమోక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్ గర్భనిరోధక మాత్రల్ని దెబ్బతీయవు. అయితే వాంతులో తీవ్ర విరేచనాలో అయితే ఆ మాత్రే ఒంటికి పట్టకపోవచ్చు.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఒకటి రెండు రోజుల్లో పోతాయి. కానీ వీటి వల్ల కండను ఎముకకు కలిపే స్నాయువులకు, ముఖ్యంగా మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువుకు జరిగే నష్టం కోర్సు అయిపోయిన నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మడమ దగ్గర నొప్పి మొదలైతే "ఆ మందు ఎప్పుడో ఆపేశాను కదా" అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి.

జెంటామైసిన్ ఇంజెక్షన్ రక్తంలోంచి రోజులోపే పోతుంది, కిడ్నీ కణాల్లో మాత్రం వారాల తరబడి నిలవ ఉంటుంది. కిడ్నీలకు, చెవులకు అది చేసే హాని ఆలస్యంగా కనిపించడానికి ఇదో కారణం.

ఇక పేగుల సంగతి. పేగుల్లోని మేలు చేసే క్రిములకు కూడా యాంటీబయాటిక్ శత్రువే. 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నాలుగు రోజులపాటు మూడు బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చిన అధ్యయనమొకటి 2018లో వెలువడింది. నెలన్నరలో వాళ్ల పేగుల్లోని క్రిములు దాదాపు పూర్వస్థితికి వచ్చినా, ముందున్న కొన్ని రకాలు ఆరు నెలల తర్వాత కూడా చాలామందిలో కనిపించలేదు. ఈ ఖాళీ దొరికినప్పుడే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెరుగుతుంది. దాని వల్ల వచ్చే విరేచనాల ముప్పు కోర్సు నడుస్తున్నప్పుడు, ఆ తర్వాతి నెలలో ఎక్కువ. దాదాపు మూడు నెలల వరకు ఎంతో కొంత ఉంటుంది. ఇక్కడ హాఫ్‌లైఫ్ లెక్క పనికిరాదు. గంటల్లో పోయే మందుల్లోనే క్లిండామైసిన్ ఈ ముప్పుకు పేరుపడ్డది.

మరి పెరుగు, మేలు చేసే క్రిములుండే ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు? విరేచనాలు కొంత తగ్గించడానికి కోర్సుతో పాటు వాడితే కొందరికి ఉపయోగమే. వాటిలో సాక్రోమైసిస్ బౌలార్డీ అనేది ఈస్ట్ జాతిది కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. బ్యాక్టీరియా రకాలైతే మందుకూ వాటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కానీ "కోర్సు తర్వాత నెల రోజులు ప్రోబయోటిక్ వేసుకుంటే పేగులు పూర్తిగా బాగవుతాయి" అనే ప్రచారాన్ని నేను నమ్మను. మనుషుల మీద చేసిన ఒక ప్రయోగంలో, కోర్సు తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో సొంత క్రిములు తిరిగి రావడం ఏమీ తీసుకోనివాళ్లకంటే ఆలస్యమైంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు వీటిని డాక్టర్‌ను అడగకుండా అసలు వాడకూడదు.

ఏ పనికి ఎంత ఆగాలి

మద్యం విషయంలో మెట్రోనిడజోల్, టినిడజోల్‌లే అసలు సమస్య. వీటితో కలిస్తే ముఖం ఎర్రబడటం, వాంతులు, గుండెదడ రావొచ్చని హెచ్చరిక. మెట్రోనిడజోల్ తర్వాత కొన్ని దేశాల సూచనల్లో 48 గంటలు, కొన్నింట్లో 72 గంటలు ఆగమంటారు. టినిడజోల్‌కు 72. ఈ రియాక్షన్ అందరికీ రాదని ఇటీవల కొందరు పరిశోధకులు అంటున్నారు, అయినా మూడు రోజులు ఆగడంలో పోయేదేమీ లేదు. సెఫోపెరజోన్ ఇంజెక్షన్‌కూ ఇదే జాగ్రత్త. అమోక్సిసిలిన్‌తో మద్యానికి ఇలాంటి గొడవ లేదు, ఒంట్లో బాగోలేనప్పుడు తాగడమెందుకన్న ప్రశ్న తప్ప.

పరీక్షల విషయంలో తొందరపాటు వల్ల జరిగే నష్టం ఎక్కువ. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి పోయిందో లేదో చూసే బ్రెత్ టెస్ట్‌కు యాంటీబయాటిక్ ఆపి 4 వారాలు, ఎసిడిటీ తగ్గించే ఒమెప్రజోల్ లాంటివి ఆపి 2 వారాలు గడవాలి. అంతకుముందే చేస్తే క్రిమి అణిగి ఉండి, పోయినట్టు తప్పుడు ఫలితం వస్తుంది. క్లమిడియాకు దీనికి తిరగబడ్డ సమస్య: నాలుగు వారాల లోపు చేస్తే చచ్చిన క్రిముల జన్యుపదార్థం దొరికి, జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చేటప్పుడు ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపారో తప్పక చెప్పండి. చాలామంది వాడుతున్న మందులే చెప్తారు, వాడి ఆపినవి చెప్పరు.

నోటితో వేసుకునే టైఫాయిడ్ వ్యాక్సిన్ (దీని ప్రధాన తయారీ సంస్థ 2024 చివర్లో తయారీ ఆపేసింది) బతికున్న బ్యాక్టీరియాతో చేసింది. యాంటీబయాటిక్ ఒంట్లో ఉంటే వ్యాక్సిన్ క్రిమే చచ్చిపోతుంది. చివరి డోసు తర్వాత కనీసం 72 గంటలు ఆగాలి, నిలిచి ఉండే మందైతే ఇంకా ఎక్కువ అవసరమేమో అడగాలి. ఇంజెక్షన్‌గా ఇచ్చే టైఫాయిడ్ వ్యాక్సిన్‌కు ఈ బెడద లేదు.

పాలిచ్చే తల్లులు అమోక్సిసిలిన్, సెఫాలెక్సిన్ లాంటివి వాడితే పాలలోకి వెళ్లేది చాలా కొద్ది. పాలు మాన్పించాల్సిన పనిలేదు, బిడ్డకు విరేచనాలో నోట్లో తెల్ల పొరో వస్తే చూసుకోవాలి. మెట్రోనిడజోల్ 2 గ్రాములు ఒకే డోసుగా వేసుకుంటే 12 నుంచి 24 గంటలు ఆగమని కొందరు డాక్టర్లు చెప్తారు. ఒకే డోసు సులువని ఒప్పుకునే ముందు పాలిచ్చే తల్లి ఈ సంగతి తెలుసుకోవాలి, అదే మందు చిన్న డోసుల కోర్సుగా తీసుకుంటే మామూలుగా పాలు ఆపక్కర్లేదు.

వార్ఫరిన్ వాడేవాళ్లకు మెట్రోనిడజోల్, కో-ట్రైమోక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ ఏది పడినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) పెరగొచ్చు. కోర్సు మధ్యలో ఓసారి, ముగిశాక ఓసారి పరీక్ష చేయించాలి.

ఎవరికి ఆలస్యంగా పోతుంది

పైన పట్టికలో ఉన్న అంకెలు కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు వర్తించవు. గంటన్నర ఉండే అమోక్సిసిలిన్ హాఫ్‌లైఫ్ కిడ్నీలు దాదాపు పూర్తిగా పనిచేయనివాళ్లలో పది గంటలు దాటిపోవచ్చు. లీవోఫ్లాక్సాసిన్‌ది ఒక రోజును మించుతుంది. అందుకే వాళ్లకు మోతాదు తగ్గిస్తారు, ఎడం పెంచుతారు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మాత్రం ఎక్కువగా పిత్తం, పేగుల దారిన పోతాయి కాబట్టి కిడ్నీ జబ్బుతో వీటి కాలం పెద్దగా మారదు. కిడ్నీ పేషెంట్లకు డాక్టర్ ఒక్కోసారి వీటివైపు మొగ్గు చూపేది అందుకే. మెట్రోనిడజోల్‌కు లివర్ ముఖ్యం, లివర్ దెబ్బతింటే అది ఎక్కువసేపు నిలుస్తుంది. వయసు మీదపడిన వాళ్లలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్ట్ బాగానే కనిపించినా, కండ తగ్గిపోయి ఉండటం వల్ల కిడ్నీ బలం అందులో ఎక్కువగా కనిపిస్తుంది. నెలలు నిండని పసిపిల్లల్లో కిడ్నీలు, లివర్ ఇంకా పక్వానికి రాక మందులు ఎక్కువసేపు ఒంట్లో నిలిచిపోతాయి.

మందు త్వరగా పోవాలని లీటర్లకొద్దీ నీళ్లు తాగేవాళ్లు, డీటాక్స్ జ్యూస్‌లు కొనేవాళ్లు ఉన్నారు. దాహం తీరేంత నీళ్లు మంచివే, కానీ రక్తంలోంచి మందు పోయే వేగం నీళ్లను బట్టి పెద్దగా మారదు. అజిత్రోమైసిన్ లాంటిది కణజాలంలో కూర్చుని ఉంటే ఏ జ్యూసూ దాన్ని లాగలేదు. మందు తొందరగా పోవాలని కోర్సు మధ్యలో ఆపేయడం ఇంకా పొరపాటు. పడట్లేదనిపిస్తే డాక్టర్‌కు ఫోన్ చేసి మార్పించుకోవాలి.

కోర్సు అయ్యాక రోజులు లెక్కపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి: రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు, విరేచనంలో రక్తం, నోట్లో కళ్లలో పుళ్లతో పాటు చర్మం బొబ్బలెక్కడం, పెదాలు వాచి ఊపిరాడకపోవడం, కళ్లు పచ్చబడటం, నడుస్తుంటే మడమ దగ్గర పట్టేసిన నొప్పి. మామూలు సన్నటి దద్దుర్లు అమోక్సిసిలిన్ మొదలుపెట్టిన వారం పది రోజులకు, ఒక్కోసారి మందు ఆపేశాక కూడా, లేస్తాయి. వాటినీ ఫోటో తీసి చూపించడం మంచిది, ఎలర్జీ అవునో కాదో ఆ ఫోటోను బట్టే చాలావరకు తేలుతుంది. స్ట్రిప్ పారేసే ముందు దాన్నీ ఒక ఫోటో తీసి, చివరి మాత్ర వేసుకున్న తేదీతో ఫోన్లో దాచుకోండి. మూడు నెలల వరకు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపించండి.